ఉక్కు నగరంలో గిడ్డంగి దూలం: కాంక్రీటు కట్టడాల వ్యయ నిర్ణయం

గరిష్ఠ దిగుబడినిచ్చే ఎరువు మోతాదు వేరు, గరిష్ఠ లాభాన్నిచ్చే మోతాదు వేరు అన్న సంగతి సేద్య విజ్ఞాన శాస్త్ర విద్యార్థి డిగ్రీ తరగతుల్లోనే నేర్చుకుంటాడు. నత్రజనిని పెంచుకుంటూ పోయే కొద్దీ ఒక్కొక్క అదనపు కిలోకు లభించే ధాన్యం తగ్గుతూ వస్తుంది. చివరగా వేసిన కిలో నత్రజని ఖరీదు, దానివల్ల వచ్చిన అదనపు ధాన్యం విలువ ఎక్కడ సమానమవుతాయో అక్కడ ఆగాలి. ఆ బిందువును కనుగొనడానికి దిగుబడి వక్రరేఖ, ధాన్యం ధర, ఎరువు ధర చాలు. ఈ లెక్క తెలిసిన శాస్త్రవేత్తే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి 500 టన్నుల గిడ్డంగి కట్టించే సంఘంలో సభ్యుడిగా కూర్చున్నప్పుడు, ఇంజనీరు ఇచ్చిన అంచనా పట్టిక చివరి అంకెను మాత్రం చూసి, ఎక్కువైందనో సరిపోయిందనో అనుకుని సంతకం చేస్తాడు. అది తన శాస్త్రం కాదని అతని భావన. నిజానికి దూలం లోతును నిర్ణయించే గణితానికీ, యూరియా మోతాదును నిర్ణయించే గణితానికీ మూలం ఒక్కటే.

2020లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల రూపాయల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ లభిస్తున్నది. గిడ్డంగులు, శీతల గదులు, గ్రేడింగు శాలలు గ్రామాలకు చేరువవుతున్నాయి. వాటి నమూనాలపై విస్తరణ శాస్త్రవేత్తల అభిప్రాయం అడిగే సందర్భాలూ పెరుగుతున్నాయి. అందుచేత రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు కట్టడంలో ఖర్చు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ తగ్గించవచ్చునో, ఎక్కడ తగ్గించరాదో తెలుసుకోవడం అవసరం. దీనికి విశాఖపట్నం పరిసరాలకు మించిన పాఠశాల లేదు.

1933లో నౌకా వాణిజ్యానికి తెరుచుకున్న ఈ రేవు గుండా దశాబ్దాలుగా బైలదిల్లా ఇనుప ఖనిజం విదేశాలకు వెళ్ళింది. ఎరువులు, ఎరువుల ముడి పదార్థాలు లోపలికి వచ్చాయి. 1966 నాటి ప్రజా ఉద్యమం తరువాత, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారం 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితమైంది. దేశంలో సముద్ర తీరాన వెలసిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం అదే. కట్టడాలకు కావలసిన కడ్డీ ఇక్కడే తయారవుతుంది. ఊదుడు కొలిమి నుంచి వచ్చే చిట్టాన్ని నీటితో చల్లార్చి గుళికలుగా మార్చితే అది సిమెంటు మిల్లులకు ముడిసరుకవుతుంది. పరవాడ వద్ద సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి బూడిద లభిస్తుంది. ఇన్ని అనుకూలతల మధ్య ఒకే ఒక ప్రతికూలత ఉప్పుగాలి. ఆ ఒక్కటి మిగిలిన లెక్కలన్నిటినీ తారుమారు చేయగలదు.

దూలం లోతు: ఒక లెక్క

కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, సాగుడును తట్టుకోలేదు. అందుకే దూలం అడుగున కడ్డీలు వేస్తారు. భారం పడి దూలం వంగినప్పుడు పైభాగపు కాంక్రీటు నొక్కుడును, అడుగు కడ్డీలు సాగుడును భరిస్తాయి. ఈ రెంటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత తక్కువ ఉక్కుతో అదే వంపు భ్రామకాన్ని మోయవచ్చు. గునపం పొడవైతే రాయిని లేపడం తేలికైనట్లే ఇది. కాబట్టి లోతు పెంచితే ఉక్కు తగ్గుతుంది. కాని కాంక్రీటు పెరుగుతుంది, పక్కల బిగించే సెంట్రింగు పలకల వైశాల్యమూ పెరుగుతుంది. ఒకటి తగ్గుతూ మరొకటి పెరుగుతూ ఉన్నప్పుడు మధ్యలో ఎక్కడో కనిష్ఠ వ్యయ బిందువు ఉండాలి.

సూత్రంగా చూస్తే ఉక్కు ఖర్చు లోతుకు విలోమానుపాతంలోను, కాంక్రీటు, సెంట్రింగుల ఖర్చు అనులోమానుపాతంలోను మారుతాయి. ఇటువంటి రెండు ఖర్చుల మొత్తం, ఆ రెండూ సమానమైన చోట కనిష్ఠమవుతుంది. విత్తన నిల్వలకు సరైన కొనుగోలు పరిమాణాన్ని లెక్కించే సూత్రాన్ని చదివిన వారికి ఇది సుపరిచితమే. ఆ వక్రరేఖ అడుగున చాలా చదునుగా ఉంటుందన్నదీ వారికి తెలుసు. సరైన విలువకు 20 శాతం ఎక్కువ తీసుకున్నా ఈ రెండు ఖర్చుల మొత్తం 2 శాతమైనా పెరగదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 6 మీటర్ల దూలం, వెడల్పు 230 మి.మీ., భద్రతా గుణకాలతో కలిపి వంపు భ్రామకం 150 కిలోన్యూటన్-మీటర్లు, కాంక్రీటు ఎం25, కడ్డీ ఎఫ్‌ఇ 500. లెక్క కోసం కాంక్రీటును ఘనపు మీటరుకు 6,500 రూపాయలుగా, కడ్డీని కిలోకు 65గా, సెంట్రింగును చదరపు మీటరుకు 500గా అనుకుందాం. ఇవి ఊహించుకున్న ధరలు. ఏ ఊరి ధరలు ఆ ఊరివి. దూలం మొత్తం లోతు 500 మి.మీ. అయితే, ఐ.ఎస్. 456 సమీకరణాల ప్రకారం సుమారు 940 చదరపు మి.మీ. ఉక్కు కావాలి. 20 మి.మీ. కడ్డీలు మూడు వేస్తే 942 వస్తుంది. మీటరు పొడవుకు ఉక్కు ఖర్చు 479 రూపాయలు, కాంక్రీటు 748, సెంట్రింగు 615, మొత్తం 1,842. లోతును 600కు పెంచితే ఉక్కు 707 చ.మి.మీ.కు పడిపోయి 361 రూపాయలే అవుతుంది. కాని కాంక్రీటు 897కు, సెంట్రింగు 715కు చేరి మొత్తం 1,973 అవుతుంది. 700 అయితే మొత్తం 2,156. 800 అయితే 2,360.

అంటే లోతు పెంచిన కొద్దీ ఉక్కు తగ్గుతున్నా మొత్తం ఖర్చు పెరుగుతూనే ఉంది. ఇక్కడ చాలామంది అనుభవజ్ఞుల ఊహ కూడా తప్పుతుంది. ఉక్కు ఖరీదైనది కనుక దాన్ని తగ్గించాలన్న తలంపుతో దూలాన్ని లోతు చేస్తే, ఆదా అయిన ఉక్కుకు రెండింతలకు పైగా కాంక్రీటుకూ సెంట్రింగుకూ చెల్లించవలసి వస్తుంది. ఉక్కు ధర పెరిగితే ఈ తీర్పు మారదా అన్న ప్రశ్న సహజం. ఇతర ధరలు మారకుండా కిలో ఉక్కు 137 రూపాయలకు చేరితే తప్ప 600 మి.మీ. దూలం 500 మి.మీ. దూలంతో సమానం కాదు. ధరలు కొంత అటూ ఇటూ అయినా తీసుకున్న నిర్ణయం చెక్కుచెదరదు. ఇటువంటి సున్నితత్వ పరీక్ష లేకుండా అంచనాలు తయారు చేయడం నేలలో భాస్వరం ఎంతుందో చూడకుండా డి.ఎ.పి. సిఫార్సు చేయడం వంటిదే.

మరి లోతును ఇంకా తగ్గిస్తే? గణితం ప్రకారం ఈ ధరలకు కనిష్ఠ బిందువు 280 మి.మీ. దరిదాపుల్లో ఉంది. అక్కడికి వెళ్ళనివ్వనిది ధర కాదు, భద్రతా నియమం. ఎఫ్‌ఇ 500 కడ్డీ వాడినప్పుడు తటస్థాక్షం లోతు, ప్రభావవంతమైన లోతులో 0.46 వంతు దాటరాదు. దాటితే కడ్డీ సాగడానికి ముందే పై కాంక్రీటు నలిగి, దూలం హెచ్చరిక లేకుండా కూలుతుంది. ఈ హద్దు ప్రకారం మన దూలానికి కడ్డీల దాకా కనీసం 442 మి.మీ. లోతు ఉండాలి. అడుగు కవరు, కడ్డీ మందం కలుపుకుంటే అది 490 చిల్లర, గుండ్రంగా 500. అంతకంటే లోతు తక్కువ కావాలంటే పైభాగంలోనూ నొక్కుడు కడ్డీలు వేయాలి. అప్పుడు ఉక్కు ఖర్చు వేగంగా పెరుగుతుంది. కనుక ఇక్కడ సరైన పరిష్కారం వక్రరేఖ అడుగున కాక, హద్దు గోడను ఆనుకుని ఉంది.

సేద్య శాస్త్రానికి ఇది కొత్త కాదు. ధరల లెక్క ప్రకారం ఆర్థిక మోతాదు ఎంత ఎక్కువగా తేలినా, పైరు పడిపోయే హద్దు లేదా భూగర్భ జలాల్లో నైట్రేటు హద్దు ముందే అడ్డుపడితే సిఫార్సు అక్కడే ఆగుతుంది. ఆచరణలోని సమస్యలు ఎక్కువగా ఇటువంటివే. 1947లో జార్జ్ డాంట్‌జిగ్ రూపొందించిన సింప్లెక్స్ పద్ధతి కూడా హద్దుల మూలల్లోనే జవాబును వెతుకుతుంది. ఆధునిక పరిశోధనా పత్రాల్లో జన్యు అల్గారిథమ్‌లు, కణ సమూహ పద్ధతులు వంటివి కాంక్రీటు కట్టడాలకు విరివిగా ప్రయోగిస్తున్నారు. వేల గదుల భవన సముదాయాలకు వాటి ప్రయోజనం ఉంటుందేమో గాని, గ్రామ గిడ్డంగికి కాగితం, పెన్సిలు, నిజాయితీ గల స్థానిక ధరల పట్టిక సరిపోతాయి.

అసలైన ఆదా

దూలం దగ్గర మిగిలేది కొద్దిపాటి శాతం. శ్లాబు దగ్గర మిగిలేది అంతకంటే ఎక్కువ. 500 చదరపు మీటర్ల కప్పు మందాన్ని 25 మి.మీ. తగ్గించగలిగితే పన్నెండున్నర ఘనపు మీటర్ల కాంక్రీటు, పై ధరల్లో 81,250 రూపాయలు నేరుగా మిగులుతాయి. అదీకాక చదరపు మీటరుకు 0.625 కిలోన్యూటన్ల బరువు దూలాల మీద, స్తంభాల మీద, చివరకు పునాదుల మీద తగ్గుతుంది. పైన తగ్గిన బరువు కింది ప్రతి అంతస్తులోనూ ఆదా రూపంలో కనబడుతుంది. శ్లాబు మందాన్ని సాధారణంగా నిర్ణయించేది బలం కాదు, కుంగుదల. ఐ.ఎస్. 456 ప్రకారం రెండు చివరలా ఆనిన దానికి పొడవు, లోతుల మూల నిష్పత్తి 20, ఎడతెగని దానికి 26. కాబట్టి శ్లాబును దూలాల మీదుగా ఎడతెగకుండా సాగించడం, దూలాల మధ్య దూరాన్ని కుదించడం ద్వారా మందం తగ్గుతుంది. మరీ కుదిస్తే దూలాల సంఖ్య, వాటితో సెంట్రింగు ఖర్చు పెరుగుతాయి. మళ్ళీ అదే తూకం.

సెంట్రింగు ఖర్చును గమనించని వారు ఎక్కువ. పై ఉదాహరణలో అది మొత్తంలో మూడో వంతు. ప్రతి దూలానికీ ఒక్కొక్క కొలత పెట్టి ఉక్కును చివరి కిలో దాకా పొదుపు చేసిన నమూనా, కాగితం మీద అందంగానే ఉంటుంది. పని జరిగే చోట వడ్రంగి ప్రతిసారీ కొత్త పలకలు కోయాలి. అన్ని దూలాలకూ ఒకే వెడల్పు, రెండే లోతులు, అన్ని స్తంభాలకూ ఒకే కొలత పెట్టి, భారాన్ని బట్టి లోపలి ఉక్కును మాత్రమే మార్చితే పలకలు పదే పదే వాడుకోవచ్చు. కొంత కాంక్రీటు వృథా అయినట్లు కనిపించినా మొత్తం మీద ఖర్చు తగ్గుతుంది.

కడ్డీలు సాధారణంగా 12 మీటర్ల పొడవున వస్తాయి. దూలానికి అంకె వంపులతో సహా 6.4 మీటర్ల ముక్క కావాలంటే ప్రతి కడ్డీలోనూ 5.6 మీటర్లు మిగిలిపోతుంది. స్తంభాల మధ్య దూరాన్ని అర మీటరు సవరించి ముక్క 5.9 మీటర్లకు దించితే ఒక్క కడ్డీలో రెండు వస్తాయి. స్తంభాల వరుసలను నిర్ణయించేటప్పుడే ఈ ఆలోచన చేయాలి. కోతల దశలో చేసి ప్రయోజనం లేదు. ఎఫ్‌ఇ 415 బదులు ఎఫ్‌ఇ 500 వాడితే బలం కోసం వేసే ఉక్కు సుమారు 17 శాతం తగ్గుతుంది. శ్లాబులో కనీసం వేయవలసిన 0.12 శాతం ఉక్కు మాత్రం రెంటికీ ఒక్కటే. కొన్న కడ్డీ నిజంగా ఆ మందమేనా అన్నది తక్కెడే చెబుతుంది. మి.మీ.లలో వ్యాసాన్ని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మి.మీ. కడ్డీ మీటరుకు 0.89 కిలో, 12 మీటర్ల నిండు కడ్డీ 10.67 కిలోలు తూగాలి. కొద్దిపాటి తేడాను ప్రమాణాలు అనుమతిస్తాయి. అంతకు మించి తక్కువ తూగితే ఆ నష్టం ఖర్చులోదే కాదు, బలంలోది కూడా.

ఉప్పుగాలి

ఇంతవరకు చెప్పినదంతా విశాఖపట్నానికైనా, రాయచోటికైనా వర్తిస్తుంది. ఇక్కడి నుంచి దారులు వేరు.

తాజా కాంక్రీటు రంధ్రాల్లోని నీటి ఉదజని సూచిక 12.5 నుంచి 13 దాకా ఉంటుంది. 8.5 దాటితేనే నేలను క్షారభూమి అని పిలిచే శాస్త్రవేత్తలకు ఈ అంకె తీవ్రత అర్థమవుతుంది. అంతటి క్షారతలో ఉక్కుపై కంటికి కనబడని ఆక్సైడు పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. ఈ రక్షణను రెండు శక్తులు ఛేదిస్తాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి ఇంకి సున్నాన్ని కార్బొనేటుగా మార్చి క్షారతను 9 కంటే దిగువకు దించుతుంది. సముద్రం నుంచి వచ్చే క్లోరైడు, క్షారత తగ్గకపోయినా సరే, ఆ పొరకు తూట్లు పొడుస్తుంది. తుప్పు పట్టిన ఉక్కు అసలు ఘనపరిమాణానికి రెండు నుంచి ఆరు రెట్ల దాకా ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు కడ్డీ వెంబడి పగిలి, పెచ్చులుగా రాలుతుంది. తీరంలోని పాత భవనాల బాల్కనీల అడుగున ఎర్రటి చారలు చూడనివారు ఉండరు.

ఈ రెండు శక్తులనూ ఆలస్యం చేసేది కడ్డీపై ఉండే కాంక్రీటు మందం, అంటే కవరు. ఐ.ఎస్. 456 (2000) కట్టడం ఉండే వాతావరణాన్ని ఐదు తరగతులుగా విభజించింది. తీరప్రాంతంలో ఉప్పుగాలి నుంచి మరుగున ఉన్న కాంక్రీటు మధ్యస్థ తరగతిలోకి వస్తుంది. దానికి 30 మి.మీ. కవరు, ఎం25 కాంక్రీటు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.50 మించరాదు. తీర వాతావరణానికి నేరుగా తెరిచి ఉన్నది తీవ్ర తరగతి, 45 మి.మీ. కవరు, ఎం30, నిష్పత్తి 0.45. అలల తుంపర తగిలేది అతి తీవ్రం, 50 మి.మీ., ఎం35. రాయచోటి గిడ్డంగి నమూనాను భీమునిపట్నం తీరానికి తెచ్చి యథాతథంగా కట్టడం ఎందుకు తగదో ఈ అంకెలే చెబుతాయి.

కవరు పెంపుకు అయ్యే ఖర్చెంత? మన దూలానికి 30 నుంచి 45కు పెంచాలంటే లోతు 15 మి.మీ. పెరగాలి. మీటరుకు 37 రూపాయలు, అంటే 2 శాతం. మరి ప్రతిఫలం? కార్బొనేటు పొర లోపలికి చొచ్చుకుపోయే లోతు కాలం వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. క్లోరైడు వ్యాపనం కూడా దాదాపు అదే బాటలో నడుస్తుంది. కాబట్టి కాంక్రీటు నాణ్యత అదే అయితే, కడ్డీని చేరడానికి పట్టే కాలం కవరు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. 45ను 30తో భాగించి వర్గం చేస్తే 2.25. రెండు శాతం ఖర్చుకు రెండుంపావు రెట్ల కాలం! ఎరువుల ప్రయోగాల్లో ఇటువంటి ప్రతిఫలం ఎక్కడైనా కనిపిస్తే అంకెలను మరోసారి సరిచూసుకుంటారు. ఎం25 బదులు ఎం30 వాడటానికి ఘనపు మీటరుకు మరో 400 రూపాయలు పడుతుందనుకున్నా, రెండూ కలిపి అదనపు వ్యయం 5 శాతం లోపే.

విచారకరమైన విషయమేమంటే, పని జరిగే చోట మొదట మాయమయ్యేది ఈ కవరే. నమూనాలో 45 అని రాసి ఉంటుంది. కడ్డీల కింద పెట్టవలసిన సిమెంటు దిమ్మెలకు బదులు కంకర పలుకులు పెడతారు. శ్లాబు మీద నడిచే కూలీల బరువుకు అవి పక్కకు జరిగి, కడ్డీ పలకను తాకుతుంది. కాలం కవరు వర్గాన్ని అనుసరిస్తుందన్న నియమం ఇక్కడ తలకిందులుగా పనిచేస్తుంది. 45 ఉండవలసిన చోట 15 ఉంటే మిగిలేది తొమ్మిదో వంతు కాలమే. పర్యవేక్షణకు వెళ్ళిన వ్యవసాయ శాస్త్రవేత్త ఒక్క స్కేలుతో చేయగల తనిఖీల్లో దీనికంటే విలువైనది లేదు. కాంక్రీటు పోయక ముందు రోజు వెళ్ళడం ముఖ్యం. పోసిన తరువాత చూడటానికి ఏమీ మిగలదు.

ఆర్థిక శాస్త్రవేత్త ఒక అభ్యంతరం చెప్పవచ్చు. పదిహేనేళ్ళ తరువాత వచ్చే మరమ్మతును ఈనాటి రూపాయల్లో ఎందుకు లెక్కించాలి? న్యాయమైన ప్రశ్న. ఏడాదికి 8 శాతం వడ్డీ రేటున పదిహేనేళ్ళ తరువాతి రూపాయి విలువ ఈనాడు 31 పైసలు చిల్లర. మరమ్మతు పదిహేనో ఏటికి బదులు ముప్పై నాలుగో ఏట వస్తే ఆ రూపాయి విలువ 7 పైసలు. తేడా 24 పైసలు. ఈనాడు 5 శాతం అదనంగా పెట్టడం లాభసాటి కావాలంటే, మరమ్మతు ఖర్చు దూలం మొదటి వ్యయంలో సుమారు ఐదో వంతు దాటాలి. సరుకు ఖాళీ చేసి, దూలం కింద ఆధారాలు నిలిపి, చెడిన కాంక్రీటును తొలిచి, కడ్డీలను శుభ్రపరచి, చాలని చోట కొత్తవి కలిపి, తిరిగి పూత వేసే పనికి ఐదో వంతు చాలడం అరుదు. సరుకు లేని ఆ నెలల అద్దె నష్టం వేరే ఉంది. లెక్క కవరు వైపే మొగ్గుతుంది. టెండర్లలో మాత్రం మొదటి వ్యయం ఒక్కటే పోటీ పడుతుంది. అతి తక్కువ ధర వేసిన వాడికి పని దక్కే పద్ధతిలో, ముప్పై నాలుగో ఏడు ఎవరి ఖాతాలోనూ కనబడదు.

చిట్టం సిమెంటు, నీరు, ఎరువు బస్తా

ఉక్కు కర్మాగారం తన చుట్టూ సృష్టించిన సమస్యకు కాకపోయినా, సముద్రం సృష్టించిన సమస్యకు ఒక మందు తానే ఇస్తున్నది. ఐ.ఎస్. 455 ప్రకారం తయారయ్యే చిట్టం సిమెంటులో 25 నుంచి 70 శాతం దాకా ఊదుడు కొలిమి చిట్టం ఉండవచ్చు. ఇది గట్టిపడిన కాంక్రీటులో రంధ్రాలు సన్నగా ఉండి క్లోరైడు నెమ్మదిగా కదులుతుంది. తీరానికి తగిన సిమెంటు ఇదే. దీనికొక ధర ఉంది. తొలి రోజుల్లో బలం మెల్లగా వస్తుంది. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు తడి ఆరకుండా ఉంచాలంటే, మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు, మేలైన పద్ధతిలో 14 రోజులు ఉంచాలని ప్రమాణం చెబుతున్నది. ఆధారాలు తీసే గడువు కూడా పెరుగుతుంది. సాధారణ సిమెంటుతోనే 6 మీటర్ల లోపు దూలాలకు అది 14 రోజులు. సెంట్రింగు అద్దె రోజుల లెక్కన ఉంటే ఆ భారం అంచనాలో చూపాలి. చూపకపోతే గుత్తేదారు తడపడంలో కోత పెడతాడు. చిట్టం సిమెంటు తెచ్చి మూడు రోజులు తడిపి వదిలేస్తే, సాధారణ సిమెంటు వాడినదానికంటే హీనమైన పై పొర మిగులుతుంది.

నీటి విషయంలో భూసార పరీక్షా కేంద్రాలు నేరుగా తోడ్పడగలవు. కడ్డీలున్న కాంక్రీటు కలపడానికి వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మి.గ్రా. మించరాదు, ఉదజని సూచిక 6కు తగ్గరాదు. సాగునీటి విశ్లేషణలో క్లోరైడును లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో నివేదిస్తారు; ఆ భాషలో ఈ హద్దు సుమారు 14. తీర మండలాల బోరు నీటికి ఈ పరీక్ష ఎలాగూ చేస్తున్నారు. కొబ్బరికో సరుగుడుకో పనికొచ్చిందని తేలిన నీరు కాంక్రీటుకు పనికిరాకపోవచ్చు. నివేదికలో ఒక్క వాక్యం చేర్చితే చాలు. ఇసుకలో, కంకరలో, నీటిలో కలిసి వచ్చే మొత్తం క్లోరైడు ఘనపు మీటరు కాంక్రీటుకు 0.6 కిలో మించరాదన్నది మరో హద్దు. కడగని సముద్రపు ఇసుక దాన్ని సులువుగా దాటిస్తుంది.

అనకాపల్లి ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక జాగ్రత్త కూడా ఉంది. 1913 నుంచి చెరకు పరిశోధన సాగుతున్న ఆ ప్రాంతంలో బెల్లం వండే శాలలకు కొదువ లేదు. పాతకాలంలో సున్నపు గారలో బెల్లం నీరు కలిపేవారు, దాని వల్ల మేలే జరిగేది. సిమెంటుకు అది విరుద్ధం. అతి స్వల్పమైన చక్కెర సైతం సిమెంటు గట్టిపడడాన్ని గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఆపుతుంది. బెల్లం శాలలో వాడిన డ్రమ్ములో నీళ్ళు పట్టి కాంక్రీటు కలపరాదు.

ఎరువుల గిడ్డంగి సంగతి ఇంకా తీవ్రమైనది. దేశానికి కావలసిన పొటాష్ దిగుమతుల మీదే ఆధారపడి ఉంది; విశాఖ రేవు దానికొక ద్వారం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే. 60 శాతం పొటాష్ ఉన్న 50 కిలోల బస్తాలో దాదాపు 22 కిలోల క్లోరైడు ఉంటుంది. పైన చెప్పిన 0.6 కిలో హద్దుతో పోల్చితే, ఒక్క బస్తాలోని క్లోరైడు 37 ఘనపు మీటర్ల కాంక్రీటుకు అనుమతించిన మొత్తానికి సమానం. అది ఒక్కసారిగా లోపలికి వెళ్ళదు, నిజమే. కాని చిరిగిన బస్తా నుంచి రాలిన గుళికలు తేమ పీల్చి, స్తంభం మొదట్లో కరిగి, ఏళ్ళ తరబడి ఇంకుతూనే ఉంటాయి. అమ్మోనియం సల్ఫేటు క్లోరైడు లేనిదే అయినా, అమ్మోనియం సున్నాన్ని కరిగిస్తుంది, సల్ఫేటు సిమెంటు పదార్థాన్ని ఉబ్బిస్తుంది. అందుచేత తీరానికి ఎంత దూరాన ఉన్నా ఎరువుల గిడ్డంగి గచ్చునూ, స్తంభాల అడుగు మీటరు భాగాన్నీ తీవ్ర తరగతిగా భావించి కవరు, కాంక్రీటు ఎంచుకోవాలి. కట్టడం మొత్తానికి కాక ఆ మీటరుకే పరిమితం చేస్తే ఖర్చు స్వల్పం. ధాన్యం గిడ్డంగి నమూనానే ఎరువులకూ వాడటం ఇక్కడ అతి ఖరీదైన పొదుపు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటినప్పుడు విమానాశ్రయ భవనపు పైకప్పు సైతం దెబ్బతిన్నది. ఈ నగరానికి ప్రమాణాలు నిర్ణయించిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కి.మీ. ఆ వేగానికి గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు. 100 మి.మీ. కాంక్రీటు శ్లాబు బరువు 2.5 కిలోన్యూటన్లు కాగా, లోహపు రేకు బరువు అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. వ్యయం తగ్గించడానికి శ్లాబు బదులు రేకు కప్పు ఎంచుకోవడం తప్పు కాదు. పెద్ద గిడ్డంగులకు అదే సరైన ఎంపిక కావచ్చు. అయితే అక్కడ గాలి కప్పును పైకి లాగుతుంది. రేకును, దాని కింది ఉక్కు వాసాలను, స్తంభం తలలోని బోల్టులను, చివరకు పునాది బరువును ఆ లాగుడుకు సరిపడేలా లెక్కించాలి. పునాది లోతు తగ్గించి, కప్పు తేలిక చేసి, రెండు చోట్లా ఆదా చూపిన అంచనా వస్తే, పైకి లాగే బలానికి లెక్క వేసిన కాగితం ఏదని సంఘ సభ్యుడు అడగాలి. తీర మండలాల్లో ఆ కాగితం జతచేయని అంచనాకు సాంకేతిక ఆమోదం ఇవ్వరాదు.